అర గోలు

ముందు పలచగా దూది. దాని మీద మెత్తటి గుడ్డ మూడు చుట్లు. మూడో చుట్టుని మణికట్టు మీదికి లాగి, మళ్లీ కిందనుంచి తెచ్చి, ఉంగరం వేలినీ చిటికెన వేలినీ కలిపి కట్టాలి. బిగించినట్టు కనబడాలి గాని బిగియకూడదు. చివర్న పసుపు నీళ్లు రెండు చుక్కలు, ఎర్ర మందు ఒక చుక్క. ఆ మందు గుడ్డలోకి ఇంకి, అంచులు పాతబడ్డ రంగుకి తిరిగేదాకా మేరీరాణి మొగుడి ఎడంచేతిని ఒళ్లో పెట్టుకుని ఊదుతూ కూచుంటుంది.

పెళ్లయి నలభై మూడు రోజులు. బెంగాలీల ఊళ్లో, టికియాపారా బస్తీలో ఈ ఒంటిగది ఇంట్లో ఆమెకు దొరికిన పనులన్నిట్లోకీ ఇదే ఇష్టమైన పని.

"అయిందేటే? బండి కాడికి ఎల్లాల," అన్నాడు ప్రేమ్‌సాగర్. మెడలో విజిల్ వేలాడుతోంది. ఆరింటికల్లా చెత్త బండి తోసుకుంటూ, ఆ విజిల్ ఊదుతూ సందులన్నీ తిరగాలి.

"ఉండు బావా. తడి ఆరనీ. కొత్త కట్టని తెలిసిపోద్ది."

"నువ్వు బీయే సదివింది ఇందుకేనేటి?"

"ఖరగ్‌పూర్ కాలేజీలో ఇది చెప్పలేదు. సొంత తెలివి," అని మరోసారి ఊదింది.

రెండు వారాల కిందట బండి మూత పడి వేళ్లు నలిగిన మాట నిజమే. కానీ వాపు దిగి, వేళ్లు పిడికిట్లోకి ముడుచుకుని అయిదు రోజులైంది. కట్టు ఇప్పొద్దన్నవాడు పోలయ్య. ఆయన పొద్దున మునిసిపాలిటీ లారీ నడుపుతాడు, సాయంత్రం రైలు పట్టాల అవతలి మైదానంలో కాలనీ ఫుట్‌బాల్ జట్టుని పరిగెత్తిస్తాడు. "ఆదివారం దాకా అలాగే ఉంచు. బడ్జ్ బడ్జ్ జట్టోళ్లు కట్టు సూస్తారు, బంతులన్నీ ఎడం పక్కకే కొడతారు. నువ్వు ఎడం పక్కే కాసుకు కూకో," అన్నాడు. ప్రేమ్‌సాగర్ గోలు కాసేవాడు.

అది గురువారం. మొగుడు వెళ్లాడు, మామ మరియదాసు చీపురు భుజాన వేసుకుని ఆయన వార్డుకి ఆయన వెళ్లాడు. ఇంట్లో మేరీరాణీ, మరియదాసు తల్లి ముసలమ్మా మిగిలారు. పక్కింటి బెంగాలీ ఆవిడ నిన్న కూర పంపిన గిన్నె తోమి, తిరిగి ఇచ్చేద్దామని మేరీరాణి గుమ్మం దాటబోతే ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఖాళీ గిన్నె తిప్పుతావేటే గుంటా? ఇంటిది ఇంట్లోనే ఊడ్చుకుపోద్ది. సెంచాడు పంచదారైనా ఎయ్యి."

పంచదార వేసి ఇచ్చి వచ్చేసరికి గుమ్మం ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెద్ద అట్టపెట్టె, మొహాన చెమట.

"నమస్తే అమ్మా. ప్రేమ్‌సాగర్ గారి ఇల్లు ఇదేనాండీ?"

మేరీరాణికి ఒక్క క్షణం ఎవరి గురించి అడుగుతున్నాడో తెలియలేదు. ఈ బస్తీలో ప్రేమ్‌సాగర్‌ని ప్రేమ్ అంటారు, బెంగాలీలు సాగర్‌దా అంటారు, ఒరే అంటారు. 'గారు' అన్నవాళ్లు లేరు. ఆ 'గారు' చెవిన పడగానే ఆమెకు ఒళ్లంతా ఏదో పూసినట్టయింది.

"ఇదేనండి! రండి, రండి. మామ్మా, మనవాళ్లే!"

ఆయన పేరు తిరుపతిరావు. కంప్యూటర్ ఉద్యోగం, భవానీపూర్‌లో అద్దెకుంటాడు. ఆదివారాలు ఎక్కడ ఫుట్‌బాల్ ఉంటే అక్కడికి వెళ్తాడు. ప్రేమ్‌సాగర్ గారి ఆట నిరుడు చూశాడు, ఊళ్లో మన తెలుగు కుర్రాడు గోలు కాస్తున్నాడంటే మనసు ఆగదు, పెళ్లి సంగతి ఆలస్యంగా తెలిసింది, ఇదిగో చదివింపు, అని అట్టపెట్టె ముందుకు జరిపాడు.

పెట్టెలో ఇడ్లీ పాత్ర. నాలుగు అంతస్తులు, పదహారు గుంటలు, మూత మీద పొడుగాటి పిడి. మేరీరాణి ఒక్కొక్క పళ్లెం తీసి వెలుతురులో తిప్పి చూసింది. ఒక్కో గుంటలో ఆమె ముక్కు ఒక్కోలా కనబడింది.

టీ పెట్టింది. తిరుపతిరావు గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని నెమ్మదిగా తాగాడు. ఆయన మాట్లాడుతుంటే పుస్తకం చదువుతున్నట్టుంది.

"పాపం, వేళ్లెలా ఉన్నాయమ్మా? విరిగాయనీ, ఆడినా ఒంటిచేత్తోనేననీ అంటున్నారు అందరూ."

మేరీరాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "విరగడమేటండీ! అవి ఎప్పుడో తగ్గిపోయాయి. ఆ కట్టు నేనే కడతాను, రోజూ." నవ్వాగక లేచి, గూట్లోంచి పసుపు నీళ్ల సీసా తెచ్చి చూపించింది. "ఇదిగో, రక్తం!"

తిరుపతిరావు కూడా నవ్వాడు. చాలా బాగా నవ్వాడు. "ఎంత తెలివమ్మా మీది," అని సీసా వైపు కాసేపు చూశాడు. టీ పూర్తిచేశాక, "మీవాళ్లకి రెండున్నర ఇచ్చారు, తెలుసా?" అన్నాడు.

"ఏటి రెండున్నర?"

"గోల్స్. హ్యాండీక్యాప్ అంటారు. మేం స్నేహితులం సరదాకి పందెం వేసుకుంటాం లెండి. బలం తక్కువ జట్టుకి ముందే కొన్ని గోల్స్ చేతిలో పెట్టి లెక్క మొదలుపెడతారు. అప్పుడు తక్కెడ సమానమవుతుంది."

ఆయన వెళ్లాక మేరీరాణికి గుర్తున్నది ఒక్కటే. మనకి రెండున్నర గోల్స్ ముందే ఇచ్చేశారు.

మధ్యాహ్నం మరియదాసు కాళ్లు కడుక్కుంటుండగానే ఆ శుభవార్త చెప్పేసింది. ఆయన చెంబు పట్టుకుని అలాగే వంగి నిలబడ్డాడు. "రెండు గోల్స్ అంటే ఇచ్చారనుకో. అర ఏటి? బంతి గీత మీద ఆగిపోతే అరా?"

"అదే నాకూ తెలీడం లేదు మావయ్యా."

"హ్యాండీక్యాప్..." ఆ మాట ఎక్కడో విన్నట్టు ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఆఁ! రేసు మైదానం. మూడేళ్లు ఊడ్సినాను అక్కడ. బాగా పరిగెత్తే గుర్రం ఉంటాది సూడు, దాని జీనులో సీసం పలకలు పెడతారు. బరువుకి అది నెమ్మదిస్తాది. మిగతా గుర్రాలకి ఆశ పుడతాది. దాన్నే హ్యాండీక్యాప్ అనీవోరు."

మేరీరాణి బడ్జ్ బడ్జ్ ఆటగాళ్లు నడుముకి సీసం పలకలు కట్టుకుని పరిగెత్తడం ఊహించుకుంది. "అయితే వాళ్లకి బరువు పెడతారా, మనకి గోల్స్ ఇస్తారా?"

"రెండూ ఒకటేనేమో," అన్నాడు మరియదాసు సందేహంగా.

"బరువూ గోలూ ఒకటెలా అవుతాయి మావయ్యా?"

"నన్నడిగితే? నేను పేడ ఎత్తినోణ్ని, గుర్రం ఎక్కినోణ్ని కాదు."

ఈ గందరగోళంలో ప్రేమ్‌సాగర్ వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. పొయ్యి పక్కన ఇడ్లీ పాత్ర తళతళలాడుతోంది.

"అదెవులిచ్చారు?"

మేరీరాణి చెప్పింది. పేరు, ఊరు, ఉద్యోగం, 'గారు' అన్న సంగతి. చెప్తున్నకొద్దీ అతని మొహం ముడుచుకుపోవడం చూసి మాట వేగం తగ్గించింది.

"నన్ను ఓడిపొమ్మన్నాడేటి?"

"ఛీ, లేదు బావా! ఒక్క మాట కూడా అలాంటిది అనలేదు. మన కుర్రాడు బాగా ఆడాలి అన్నాడు."

ప్రేమ్‌సాగర్ గోడకి జేరబడి కూచున్నాడు. కట్టున్న చేతిని మోకాలి మీద పెట్టుకున్నాడు. "పోయినేడు ఆరు తిన్నాను. ఆట ముందర ఎవడో బెంగాలీ దాదా టీ ఇస్తే తాగినాను. టీ! మట్టి కప్పుడు టీ. ఆరు గోల్సయ్యాక ఆ టీలోనే నన్ను కొనీసినారన్నారు. నెల రోజులు బండి తోసుకెల్తంటే ఎనకాల 'టీ కీపర్' అని అరిసినారు. అందుకే ఆట వారంలో నేను బయట మంచినీళ్లు కూడా ముట్టను. అలాటిది నా ఇంట్లోకే పాత్ర వొచ్చీసింది."

"నాకు తెలీదు బావా."

"తెలీదులే. ఆదివారం ఆడొస్తాడు కదా, ఆట అయ్యాక ఆడి పాత్ర ఆడికిచ్చీ." కట్టు వైపు చూసుకుని కొంచెం నవ్వాడు. "ఈసారి నాకు ఇదొక్కటే ఆశ. ఈ కట్టు సంగతి మన నలుగురికీ, పోలయ్య మావకీ తప్ప పురుక్కి కూడా తెలీదు. జట్టోళ్లకే సెప్పనేదు. బడ్జ్ బడ్జ్ వోళ్ల చెవిన పడిందో, బంతులన్నీ కుడి పక్కకొస్తాయి. నేనేమో ఎడం పక్కకి ఒరిగి ఉంటాను. మళ్లీ ఆరు."

మేరీరాణి చూపు తిప్పుకుంది. గూట్లో పసుపు నీళ్ల సీసా కనబడుతోంది. ముసలమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తి ఒకసారి మనవడి పెళ్లాం వంకా, ఒకసారి సీసా వంకా చూసి, మళ్లీ చేటలోకి తల దించేసింది.

నలభై మూడు రోజుల్లో ఆమె మొగుడికి చెప్పని సంగతంటూ లేదు. చిన్నప్పుడు దొంగిలించిన రేగుపళ్ల దగ్గర్నించీ చెప్పేసింది. ఇది మాత్రం చెప్పలేదు.

శుక్రవారం పొద్దున కట్టు కట్టేటప్పుడు దూది ఎక్కువైంది. విప్పి మళ్లీ కట్టింది. సాయంత్రం పోలయ్య వస్తే, ముసలమ్మ పాత్రలో ఇడ్లీ వేయించింది. "ఇచ్చీసేదాకా వోడుకుంటే పాపమేటి?" అంది ఆవిడ. మేరీరాణి పళ్లెం ముందు పెట్టి, ఇంక ఉండబట్టలేక రెండున్నర సంగతి అడిగింది.

పోలయ్య మొహం గంటుపెట్టుకున్నాడు. "రెండున్నర ఇచ్చారా? అంటే మూడు తింటామని లెక్క కట్టారన్నమాట, నా కొడుకులు."

"ఇవ్వడం మంచిది కాదా బాబాయ్?"

"ఇటు రా. కూకో." పళ్లెంలోంచి రెండు ఇడ్లీలు తీసి నేల మీద పరిచిన కాగితం మీద పెట్టాడు. మూడోదాన్ని చేత్తో విరిచి సగం పక్కన పెట్టి, మిగతా సగం నోట్లో వేసుకున్నాడు. "ఇవి మనయి, రెండున్నర. ఇవి మైదానంలో ఉండవు. రిఫరీకి తెలీదు, మనకి తెలీదు. పందెం వేసుకునేవోళ్ల ఫోన్లలో ఉంటాయి. ఇప్పుడు బడ్జ్ బడ్జ్ వోళ్లు రెండు కొట్టారనుకో." ఇంకో రెండు ఇడ్లీలు ఎదురుగా పెట్టాడు. "ఎవులిది ఎక్కువ?"

"మనది. కానీ ఆటలో మనం ఓడిపోయాం కదా?"

"ఆటలో ఓడిపోయాం. మన మీద పందెం ఏసినోడు గెలిసీసినాడు."

"వాళ్లు మూడు కొడితే?"

"అప్పుడు ఆళ్ల మీద ఏసినోడు గెలుస్తాడు. సరిసమానం అవకుండా ఉండడానికే ఆ అర. ఎవుడో ఒకడు ఓడిపోవాల, ఎవుడో ఒకడు గెలవాల."

మేరీరాణి ఇడ్లీల వంక చూస్తూ ఉండిపోయింది. ఒకే ఆటలో మనిషి ఓడిపోతే ఇంకెవడో అదే ఓటమి మీద గెలవడం ఏమిటి? అంతకన్నా ముందు, తిరుపతిరావు ఏ పక్క? మన పక్క వేస్తే మనం బాగా ఆడాలనుకుంటాడు. అటు పక్క వేస్తే, ఆయన నోట్లోంచి కట్టు సంగతి బడ్జ్ బడ్జ్ దాకా నడిచి వెళ్తుంది. పుస్తకంలా మాట్లాడేవాడు అలా చేస్తాడా? చెయ్యడు. ఎందుకు చెయ్యడు?

"ఈ ముక్కలు చల్లారిపోతన్నాయి," అని పోలయ్య బడ్జ్ బడ్జ్ వాళ్ల రెండూ తినేశాడు. తర్వాత మనవి.

శనివారం మూడుసార్లు చెప్పబోయింది. మొదటిసారి మొగుడు బూట్లకి తాడు ఎక్కిస్తున్నాడు. రెండోసారి పాత గ్లోవుకి రెండు వేళ్లు కత్తిరిస్తున్నాడు, కట్టు పట్టడానికీ, దూరానికి కనబడడానికీ. మూడోసారి అతనే పిలిచి, గోడ మీద బొగ్గుతో గీసిన గోలు ముందు నిలబడి, "నాకు పాత బంతి ఇసురు, ఎడం పక్కకి" అన్నాడు. విసిరింది. అతను గాలిలోకి లేచి, గూట్లో కొవ్వొత్తి ఆరిపోయేంత విసురుగా బంతి పట్టుకుని కిందపడి నవ్వాడు. అలా నవ్వుతున్నవాడికి ఏం చెప్తుంది? మళ్లీ మళ్లీ ఎడం పక్కకే విసిరింది.

ఆదివారం పొద్దున చర్చిలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఆమె కూడా మూసుకుంది. "ప్రభువా," అంది లోపల, "నా తప్పు ఆయన నెత్తిన పెట్టకు. మూడుకి మించనీయకు. మూడు దాకా ఫరవాలేదు."

మూడింటికి ఆట. మైదానం చుట్టూ జనం. పట్టాల పక్క గోడ మీద కూడా ఎక్కి కూచున్నారు. మేరీరాణి ఇడ్లీ పాత్ర నిండా ఇడ్లీలు వేసి తెచ్చింది. తిరిగి ఇవ్వడానికి ఎలాగూ తేవాలి, జట్టుకి సగం ఆటలో పెట్టడానికి ఇంట్లో ఇంత పెద్ద గిన్నె మరొకటి లేదు. ముసలమ్మకి ఇటుక వేసి కూచోబెట్టింది. తను కూచోలేకపోయింది. దూరంగా గొడుగు కింద తిరుపతిరావు కనబడి చెయ్యి ఊపాడు. ఊపాలో వద్దో తెలియక సగం ఊపింది.

బడ్జ్ బడ్జ్ తొమ్మిదో నంబరువాడు తాటిచెట్టంత ఉన్నాడు. ఆట మొదలైన నాలుగో నిమిషంలోనే బంతి కాలికి తగిలించుకుని దూసుకొచ్చాడు. ఎటు కొడతాడు? కుడి పక్కకి కొట్టాడంటే సంగతి తెలిసిపోయినట్టే.

ఎడం పక్కకి కొట్టాడు.

ప్రేమ్‌సాగర్ అప్పటికే అటు ఒరిగి ఉన్నాడు. బంతి గుండెల్లోకి వచ్చి దూరింది.

"మామ్మా!" అని ముసలమ్మ భుజం పట్టి ఊపేసింది మేరీరాణి. "ఎడం పక్కకే కొట్టాడు మామ్మా! చెప్పలేదు! ఆయన చెప్పలేదు!"

"ఎవులు సెప్పనేదే?"

మేరీరాణి గొడుగు వైపు చూసింది. తిరుపతిరావు చేతులు కట్టుకుని ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు. ఎంత మంచి మనిషి! పొట్టలో మాట పొట్టలోనే దాచుకున్నాడు. ఆ తర్వాత రెండోది, మూడోది, నాలుగోది, అన్నీ ఎడం పక్కకే. ప్రతి బంతికీ ఆమె చప్పట్లు కొట్టింది.

గోల్స్ మాత్రం పడ్డాయి. మొదటిది అందరి తలల మీదనుంచి వచ్చి, పైకర్ర కింద దూరింది. రెండోది మనవాడి మోకాలికే తగిలి దారి తప్పి లోపలికి పోయింది. సగం ఆటలో జట్టంతా ఇడ్లీలు తిన్నారు. ప్రేమ్‌సాగర్ ముట్టుకోలేదు. ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్లు తాగి, "రెండేగా, లాగీవచ్చు. ముందుకెల్లండ్రా!" అని జట్టుని తోశాడు.

మేరీరాణికి చివరి పావుగంటలో ఒక సంగతి అంతుబట్టలేదు. ఆమె వెనక బడ్జ్ బడ్జ్ తరఫున అరిచే గుంపొకటి ఉంది. వాళ్లు రెండు గోల్స్ ముందున్నారు, గెలుస్తున్నారు. అయినా ఒక్కడి మొహానా నవ్వు లేదు. "ఆర్ ఏక్‌టా! ఆర్ ఏక్‌టా!" ఇంకొక్కటి, ఇంకొక్కటి అని గొంతులు చించుకుంటున్నారు. అటు గొడుగు కింద తిరుపతిరావు, ఓడిపోతున్న జట్టు మనిషి, గడియారం చూసుకుంటూ చిరునవ్వుతో ఉన్నాడు. గెలిచేవాళ్లు ఏడుస్తున్నారు, ఓడేవాడు నవ్వుతున్నాడు. పోలయ్య కాగితం మీద పెట్టిన రెండున్నర ఇడ్లీలు ఆమె కళ్లముందు నిలబడ్డాయి. ఏదో తెలుస్తున్నట్టుంది, పూర్తిగా తెలియడం లేదు.

ఆట అయిపోవస్తుండగా మనవాడొకడు గోలు ముందు తొమ్మిదో నంబరువాణ్ని కింద పడేశాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. తొమ్మిదో నంబరువాడు బంతిని పెనాల్టీ చుక్క మీద పెట్టి, ప్రేమ్‌సాగర్ చేతికేసి చూశాడు. పసుపు మరకల కట్టుకేసి, కత్తిరించిన గ్లోవుకేసి చూశాడు. ప్రేమ్‌సాగర్ ఆ చేతిని నొప్పిగా విదిల్చాడు.

ఎడం పక్కకే, కిందుగా, బలంగా కొట్టాడు.

కట్టున్న పిడికిలే తగిలింది. బంతి గోలు కర్రకి కొట్టుకుని బయటికి పోయింది. వెనకే ఆట ముగిసిన విజిల్.

కాలనీ అంతా మైదానంలోకి దూకింది. డప్పు ఎక్కడిదో మోగింది. మరియదాసు తువ్వాలు గిరగిరా తిప్పుతూ, "ఆరు తిన్న కాడ రెండే! ఒరే, రెండేరా!" అని గంతులు వేశాడు. పోలయ్య ఎవరినో ఎత్తుకున్నాడు. ఇందాక అరిచిన గుంపు చేతులు వేలాడేసుకుని, ఫోన్లు చూసుకుంటూ గేటు వైపు నడిచింది. గెలిచిన జట్టు మనుషులు వాళ్లు.

"అమ్మా!" తిరుపతిరావు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కళ్లు మెరుస్తున్నాయి. "గెలిచాం!"

"ఓడిపోయాం కదండీ. రెండు పోయాయి."

"రెండేగా పోయింది! చేతిలో రెండున్నర ఉంది. అర మిగిలింది. ఆ అరే నాది." చంటిపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "మొదట్లో మీవాళ్లకి ఒకటిన్నరే ఇచ్చారమ్మా. కీపర్ వేళ్లు విరిగాయని పుకారు పుట్టాక రెండున్నర చేశారు. ఆ కట్టుకి ఒక గోలు ఖరీదు కట్టారన్నమాట. అది ఉత్త కట్టని ఊరు మొత్తం మీద నా ఒక్కడికే తెలుసు. ఒకటిన్నర దగ్గరే ఆగితే ఇవాళ నేను మునిగిపోయేవాణ్ని. అంతా మీ చలవే."

"అందుకా," అంది మేరీరాణి, "మీరు ఎవరికీ చెప్పంది?"

"చెప్తే ఆ ధర ఉంటుందా?" అని నవ్వాడాయన. గురువారం నవ్వినట్టే, చాలా బాగా. జేబులోంచి చిన్న పెట్టె తీశాడు. "ఇది మీకు. చెవులకి."

అప్పుడు పూర్తిగా తెలిసింది. గుమ్మంలో చెమట తుడుచుకుంటూ ఆయన కొనుక్కున్నదేమిటో తెలిసింది. మొగుణ్ని ఎవరూ కొనలేదు. టీతో కొనలేదు, పాత్రతో కొనలేదు. అమ్మింది తను. సీసా చూపించి మరీ అమ్మింది.

కమ్మల పెట్టె వైపు చూడలేదు. వంగి, ఇడ్లీ పాత్ర మూత తీసింది. అడుగున నాలుగు మిగిలాయి. వాటిని ముసలమ్మ ఒళ్లో ఉన్న స్టీలు గిన్నెలో వేసింది. పళ్లేలు ఒక్కొక్కటే కొంగుతో తుడిచి, లోపల సర్ది, మూత పెట్టి రెండు చేతుల్తో ఆయన ముందుకి చాపింది.

"ఏమిటమ్మా ఇది? చదివింపు వెనక్కిస్తారా?"

"పట్టుకోండి."

ముసలమ్మ గొణిగింది. "ఖాళీది తిప్పకూడదే..."

"ఇది తిప్పొచ్చు మామ్మా."

ముసలమ్మ ఆమె మొహం చూసింది, తిరుపతిరావు మొహం చూసింది. తర్వాత తన గిన్నె మీద మూత గట్టిగా నొక్కింది. తిరుపతిరావు ఒక చేత్తో పాత్ర, ఒక చేత్తో పెట్టె పట్టుకుని, జనంలో కలిసిపోయాడు.

ప్రేమ్‌సాగర్ గోలు కర్ర దగ్గరే కూచుని ఉన్నాడు. భుజాలకెత్తుకుందామని వచ్చినవాళ్లని వద్దన్నట్టున్నాడు. ఆమె వెళ్లి పక్కన కూచుంటే, అలవాటుగా ఎడంచెయ్యి ఆమె ఒళ్లో పెట్టాడు. కట్టు మట్టికొట్టుకుపోయి ఉంది. నిజం గాయంలాగే ఉంది.

"ఈళ్లందరూ ఏటే గెంతుతన్నారు?" అన్నాడు. "ఓడిపోయాం కదా."

మేరీరాణి ముడి విప్పింది. మొదటి చుట్టు విప్పుతూ గురువారం సంగతి చెప్పింది. రెండో చుట్టుకి సీసా సంగతి. మూడో చుట్టుకి ఒకటిన్నర రెండున్నరైన సంగతి, ఆ ఒక్క గోలు ఖరీదు ఈ గుడ్డదేనన్న సంగతి. ఎక్కడా ఆగలేదు. అతను చెయ్యి లాక్కోలేదు. దూది కూడా ఊడి వచ్చాక, చెమటకి నానిన రెండు వేళ్లూ ముడిచి చాపి చూసుకున్నాడు.

మైదానంలో మరియదాసు ఇంకా రెండే రెండే అని అరుస్తున్నాడు.

"అంటే ఆళ్లంతా మనం మూడు తింటామనుకున్నారు," అన్నాడు చివరికి. "ఆడు రెండనుకున్నాడు."

"ఊఁ."

"నువ్వెన్ననుకున్నావే?"

మేరీరాణి అబద్ధం ఆడదామనుకుంది. పొద్దున చర్చిలో మూసుకున్న కళ్లు గుర్తొచ్చాయి.

"మూడు," అంది.

ప్రేమ్‌సాగర్ ఆమె ఒళ్లోంచి మురికి గుడ్డ తీసుకున్నాడు. ఒక కొస వేలితో నొక్కిపట్టి, ముడతల్లేకుండా, బిగువుగా, మళ్లీ పనికొచ్చేటట్టు చుట్ట చుట్టసాగాడు. చుట్టడం అయ్యాక దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"ఒచ్చే ఏడు సున్నా అనుకో," అన్నాడు.